తాజా అప్‌డేట్ తర్వాత మన క్రికెట్ ఆట: బ్యాటింగ్ బాగుపడింది, స్లిప్‌లో చేతులు లేవడం లేదు

గాజువాక ఓపెనర్
శుక్రవారం రాత్రి 11:10

మన క్రికెట్ వీడియో గేమ్‌కి బుధవారం వచ్చిన అప్‌డేట్ వేసుకుని మూడు రాత్రులు వరసగా ఆడాను. ఆట పేరు రాయక్కర్లేదు, ఈ విభాగంలో ఉన్నవాళ్లం అందరం ఆడేది అదే. ఏది బాగుపడిందో, ఏది పాడైందో ఒకచోట రాసుకుంటే అందరికీ పనికొస్తుందని మొదలుపెడుతున్నాను.

ముందు బాగుపడిన సంగతి. బ్యాటింగ్ నిజంగా మారింది. ఇదివరకు బ్యాటర్ కాళ్లు గచ్చు మీద జారుతున్నట్టు ఉండేవి. బంతి ఆఫ్ స్టంప్‌కి ఎంత దూరంగా పడ్డా మనిషి మొత్తం అటు జరిగిపోయి కవర్ డ్రైవ్ కొట్టేసేవాడు. ఇప్పుడు ముందు కాలు పడుతోంది, ఆ తర్వాతే బ్యాట్ వస్తోంది. కాలు చేరని బంతిని డ్రైవ్ చేస్తే గాల్లోకి లేస్తోంది. ఆలస్యంగా ఆడి థర్డ్‌మ్యాన్ వైపు మెల్లగా తోసే షాట్ ఇన్నాళ్లలో నాకు ఒక్కసారి కూడా కుదరలేదు, నిన్న రాత్రి నాలుగుసార్లు కుదిరింది. స్పిన్నర్‌ని ముందుకొచ్చి నెత్తిమీదుగా లేపడం ఇదివరకు ఊరికే వచ్చే సిక్సర్. ఇప్పుడు బంతి దగ్గరికి చేరకపోతే స్టంపౌటే.

ఇంకొకటి. కెరీర్ మోడ్‌లో నాది ఎనిమిదో నంబర్ ఆల్‌రౌండర్. మన గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 114 కొట్టినప్పటి నుంచి పేరు ఓపెనర్ అని ఉంచుకున్నా ఆడేది మాత్రం ఎనిమిదో నంబర్‌లోనే. ఆ రోజు నితీశ్ 99 మీద అవతలి ఎండ్‌లో ఉంటే కమిన్స్ బంతులు మూడు సిరాజ్ ఆపాడు. మా వీధి వీధంతా ఊపిరి బిగబట్టి చూసింది. పాత వెర్షన్‌లో అలాంటి సమయంలో కంప్యూటర్ ఆడించే పదకొండో నంబర్ వాడు మొదటి బంతికే సిక్సర్‌కి వెళ్లేవాడు. ఇప్పుడు ఓవర్లో ఎన్ని బంతులు మిగిలాయో చూసుకుని ఆపుతున్నాడు. నిన్న నా భాగస్వామి ఐదు బంతులు ఆపి నాకు స్ట్రయిక్ ఇచ్చాడు. నిజం చెప్తున్నాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇక పాడైన సంగతి. స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన నిలబడే ఫీల్డర్లకి, చేతులు లేవడం లేదు. ఎడ్జ్ తీసుకున్న, అంటే బ్యాట్ అంచుకి తగిలిన బంతి ఫస్ట్ స్లిప్ నడుము పక్కనుంచి పోతుంటే అతను నిలబడి చూస్తున్నాడు. క్యాచ్ వదిలేయడం వేరు, అది ఆటలో భాగం. ఇక్కడ అసలు కదలికే లేదు. మూడు రాత్రుల్లో నాకు ఇలా పోయినవి పదికి పైనే. మీకూ ఇలాగే ఉందా?

భీమిలి లెఫ్టార్మ్
శుక్రవారం రాత్రి 11:32

ఉంది. ఇవాళ కొత్త బంతితో మొదటి స్పెల్‌లో మూడు ఎడ్జ్‌లు తీయించాను, మూడూ బౌండరీకి పోయాయి. కంట్రోలర్ పక్కన పెట్టేసి బీచ్‌కి నడిచి వచ్చాను.

కానీ బౌలింగ్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఇదివరకు యార్కర్ (నేరుగా బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతి) వేస్తే రెండే జరిగేవి, ఫుల్‌టాస్ అయిపోవడం, లేదంటే ఎంత బాగా పడినా కంప్యూటర్ తవ్వి తీసేయడం. ఇప్పుడు పాత బంతితో రివర్స్ అయ్యే యార్కర్ ఆలస్యంగా లోపలికి వస్తోంది. 2024 ఫిబ్రవరిలో మన వైజాగ్ స్టేడియంలో బుమ్రా ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ స్టంప్స్ ఎగరగొట్టిన బంతి అందరికీ గుర్తుంటుంది. నేను ఆ రోజు స్టాండ్‌లో ఉన్నాను. బంతి వదిలినప్పటికీ స్టంప్స్ పడినప్పటికీ మధ్య ఏం జరిగిందో కంటికి అందలేదు, తర్వాత పెద్ద తెర మీద చూస్తేనే తెలిసింది. ఆ ఇన్నింగ్స్‌లో బుమ్రా 45 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. ఆటలో అలాంటి బంతి ఒకటి వేయగలిగానంటే ఆ ఒక్కదానికే ఈ అప్‌డేట్‌కి దండం పెడతాను.

స్వింగ్ విషయంలో మాత్రం లోటు ఉంది. మబ్బు పట్టిన ఉదయం, మండే మధ్యాహ్నం, రెండింట్లోనూ కొత్త బంతి ఒకేలా తిరుగుతోంది. మరి మ్యాచ్ మొదలుపెట్టేముందు వాతావరణం ఎంచుకోమని అడగడం దేనికి?

జగదాంబ హిట్టర్
శనివారం ఉదయం 7:05

నేను టీ20లే ఆడతాను కాబట్టి నాకు స్లిప్ గొడవ పెద్దగా తగల్లేదు. నాకు తగిలింది రెండో పరుగు. డీప్‌లో ఫీల్డర్ బంతి ఎత్తుకోవడానికి వంగి లేచేసరికి చాలా సేపు పడుతోంది. డీప్ మిడ్‌వికెట్‌కి నేరుగా కొట్టినా కంప్యూటర్ తీరిగ్గా రెండు తీస్తోంది. ఒక్కో ఓవర్లో రెండుసార్లు ఇలా జరిగితే ఇరవై ఓవర్లకి ఎన్ని పరుగులవుతాయో లెక్కేసుకోండి. పైగా విసిరేటప్పుడు ప్రతిసారీ కీపర్ ఎండ్‌కే విసురుతున్నాడు. అవతలి ఎండ్‌లో బ్యాటర్ సగం పిచ్ దగ్గరే ఉన్నా సరే.

ఛేజింగ్ మాత్రం బాగుపడింది. ఇదివరకు కంప్యూటర్ పదిహేను ఓవర్లు గోకి గోకి చివర్లో గుడ్డిగా ఊపేది. ఇప్పుడు కావాల్సిన రన్‌రేట్ చూసుకుంటోంది. నిన్న నేను 188 కొడితే పవర్‌ప్లేలోనే నా స్పిన్నర్‌ని ఎంచుకుని బాదింది. మంచి టెన్షన్ మ్యాచ్ అయింది, చివరి ఓవర్లో ఓడిపోయాను, బాధ లేదు.

ఉక్కునగరం బి షిఫ్ట్
శనివారం మధ్యాహ్నం 12:20

బాబూ, నేను ఇక్కడ రాయడం తక్కువ, చదువుతుంటాను. నాకు వచ్చిన కష్టం వేరు, ఎవరైనా దారి చెప్తారని రాస్తున్నాను.

నేను, మా అమ్మాయి కలిసి ఒకే టీమ్‌లో ఆడతాం. తను తొమ్మిదో తరగతి. మా ఇద్దరికీ కంట్రోలర్లు రెండు ఉన్నాయి, భారత మహిళల జట్టు తీసుకుంటాం. నాకు యాభై దాటాయి, వేళ్లు పిల్లల్లా కదలవు, అందుకని అన్నిటికన్నా సులువైన స్థాయిలో ఆడతాం. ఏడాదిగా నాకు వారంలో ఇష్టమైన గంట అదే. షిఫ్ట్ మారిన వారం ఇంట్లో మేమిద్దరం మెలకువగా కలిసి ఉండే సమయం కూడా అదే.

అప్‌డేట్ తర్వాత బంతి నాకు కనబడేలోపే వెళ్లిపోతోంది. స్థాయి మార్చలేదు, సులువులోనే ఉంది. గురువారం నేను ఐదుసార్లు సున్నాకి అవుటయ్యాను. అమ్మాయి ఏమీ అనలేదు కానీ, ఆరోసారి "నాన్నా, ఇవాళ్టికి చాలు, చదువుకోవాలి" అంది. తనకి చదువుకునేది లేదని నాకు తెలుసు.

అప్‌డేట్ తీసేసి పాతదానికి వెళ్లే దారి ఉందా?

సీతమ్మధార సెకండ్ స్లిప్
శనివారం మధ్యాహ్నం 12:48

బాబాయ్, పాతదానికి వెళ్లడం కుదరదు, కానీ దారి ఉంటుంది. ఇక్కడ తెలిసినవాళ్లు చెప్తారు, ఆగండి.

స్లిప్ గురించి నేను ఒక మాట చెప్పాలి. నేను పదేళ్లు లీగ్ మ్యాచ్‌ల్లో స్లిప్‌లోనే నిలబడ్డాను. ఫాస్ట్ బౌలర్‌కి సెకండ్ స్లిప్ బంతిని బౌలర్ చేతి దగ్గర నుంచి చూడడు, బ్యాట్ అంచునే చూస్తాడు. కీపర్, ఫస్ట్ స్లిప్ బంతిని చూస్తారు. ఫస్ట్ స్లిప్ కీపర్‌కి ఒక్క అడుగు వెనక ఉంటాడు. ఈ ఆటలో పాత వెర్షన్‌లో ఈ తేడా బాగానే ఉండేది, ఫస్ట్ స్లిప్‌కి క్యాచ్ కోసం బటన్ నొక్కే సమయం కాస్త ఎక్కువ దొరికేది. ఇప్పుడు నలుగురూ ఒకే గీత మీద, కీపర్‌కి సమానంగా నిలబడి ఉన్నారు. రీప్లేలో పక్కనుంచి చూడండి. నిలబడే చోటే మారిపోయింది. చోటు మారితే చేతులు ఎలా లేస్తాయి?

రుషికొండ టెస్టర్
శనివారం మధ్యాహ్నం 2:15

సెకండ్ స్లిప్ గారు చెప్పింది చాలా ముఖ్యం. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆటల కంపెనీలో కాదు, బ్యాంకు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో. కానీ జబ్బు ఒకటే. ఒకచోట బాగుచేస్తే, దాని మీద ఆధారపడిన ఇంకోచోట విరుగుతుంది. అందుకే ప్రతి మార్పు తర్వాత పాతవన్నీ మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి. క్రికెట్ ఆటలో ఇది మరీ కష్టం. ఫుట్‌బాల్‌లో బంతి అందరి కాళ్ల దగ్గరా ఒకే తీరుగా ఉంటుంది. క్రికెట్‌లో కుడి ఎడమ బ్యాటర్లు, వికెట్‌కి ఏ వైపు నుంచైనా వచ్చే బౌలర్లు, ముప్పై రకాల ఫీల్డింగ్ చోట్లు, పాతబడే బంతి, పాతబడే పిచ్. వీటన్నిటినీ కలిపితే వచ్చే సందర్భాలు లెక్కకు అందవు. వాళ్లని వెనకేసుకు రావడం లేదు, ఎక్కడ వెతకాలో చెప్తున్నాను.

ఆట పాడైంది అని రాస్తే వాళ్లు ఏమీ చేయలేరు. ఏ సందర్భంలో పాడవుతోందో పట్టుకోవాలి. అందరం ఈ రాత్రి ఒకే పని చేద్దాం. ప్రాక్టీస్‌లో పది ఓవర్లు, కొత్త బంతి, ఫాస్ట్ బౌలర్, ఇద్దరు స్లిప్‌లు. ఐదు ఓవర్లు కుడిచేతి బ్యాటర్‌కి, ఐదు ఎడమచేతి బ్యాటర్‌కి. బ్యాటింగ్ కూడా మనమే చేసి, కావాలనే బయట బంతిని ఆలస్యంగా తడిమి ఎడ్జ్ ఇవ్వాలి. ఎన్ని ఎడ్జ్‌లు స్లిప్ వైపు వెళ్లాయి, ఎన్నిటికి ఫీల్డర్ కదిలాడు, ఇవి రెండే రాయండి. ఒక ముఖ్యమైన సంగతి: ఫీల్డింగ్ మీరు ఇదివరకు సేవ్ చేసుకున్నదా, ఆట ఇచ్చిందా అన్నది కూడా రాయండి.

బి షిఫ్ట్ గారూ, మీది చూస్తాను. సెట్టింగ్స్‌లో స్లైడర్లు ఉంటాయి కదా, బంతి వేగం, టైమింగ్ సాయం లాంటివి. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో చూసి చెప్పగలరా?

ఎంవీపీ పాత పెవిలియన్
శనివారం సాయంత్రం 5:40

టెస్టింగ్ రాత్రి చేస్తాను. ఈలోగా నా బాధ చెప్పనివ్వండి, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయడం లేదు. టెస్ట్ మ్యాచ్.

నేను ఈఏ క్రికెట్ 07 రోజుల నుంచి ఆడుతున్నాను. 2006లో వచ్చిన ఆట అది. దాని తర్వాత ఆ వరసలో ఇంకో ఆట రాలేదు. అభిమానులే కొత్త జెర్సీలు, కొత్త జట్లు తయారుచేసి ఏళ్లకేళ్లు బతికించారు. ద్వారకానగర్ నెట్ సెంటర్‌లో గంటకింత ఇచ్చి ఆడేవాళ్లం. తర్వాత 2014లో మెల్‌బోర్న్‌కి చెందిన బిగ్ యాంట్ వాళ్ల డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చినప్పుడు మొదటిసారి ఒక స్టిక్‌తో కాలు, ఇంకో స్టిక్‌తో బ్యాట్ కదిపాం. ఆ వారం నేను పడిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. బటన్ నొక్కితే షాట్ రావడం వేరు, మన చేయి ఎటు తిరిగితే బ్యాట్ అటు తిరగడం వేరు. కాబట్టి ఈ ఆటలు ఎంత దూరం వచ్చాయో నాకు తెలుసు. తెలుసు కనుకే అడుగుతున్నాను.

మన వైజాగ్‌లో మొదటి టెస్ట్ 2016 నవంబర్‌లో ఇంగ్లండ్‌తో జరిగింది. నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్లకి 405 కావాలి. కుక్, హమీద్ కలిసి యాభై ఓవర్లు నిలబడ్డారు. హమీద్ 144 బంతులాడి 25 కొట్టాడు. కుక్ 188 బంతుల్లో 54. గెలవడానికి కాదు, ఐదో రోజు దాటించడానికి. ఆ మొండితనాన్ని విరగ్గొట్టడానికి అశ్విన్, జడేజా పడిన శ్రమే ఆ మ్యాచ్‌కి ప్రాణం. చివరికి 158కి అందరూ అవుటయ్యారు, మనం 246 పరుగులతో గెలిచాం.

ఈ ఆటలో అలాంటి ఇన్నింగ్స్ రాదు. కంప్యూటర్ బంతిని వదిలేయదు. 400 వెనకబడి ఉన్నా ఓవర్‌కి నాలుగు చొప్పున కొడుతుంది. నా టెస్ట్‌లు మూడో రోజు టీ లోపు అయిపోతున్నాయి. టీ20 ఛేజింగ్‌లో రన్‌రేట్ చూసుకునే తెలివి నేర్పగలిగినవాళ్లు, టెస్ట్‌లో గడియారం చూసుకునే తెలివి నేర్పలేరా?

రెండోది పిచ్. 2019 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాతో ఇక్కడే జరిగిన టెస్ట్ మొదటి రోజు నుంచి చూశాను. రోహిత్, మయాంక్ మొదటి వికెట్‌కి 317 కొట్టారు, బంతి చక్కగా బ్యాట్ మీదికి వచ్చింది. అదే పిచ్ మీద ఐదో రోజు షమీ బంతి మోకాలి ఎత్తు కూడా లేవలేదు. 35 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, ఎక్కువ మందివి స్టంప్స్ పడ్డాయి. వాళ్లు ఒక దశలో 8 వికెట్లకి 70. ఆటలో ఐదో రోజుకి పిచ్ మీద పగుళ్లు బొమ్మలో కనిపిస్తాయి. ఈ అప్‌డేట్‌లో టర్న్ కూడా పెంచారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బౌన్స్ మొదటి రోజు ఎంత ఉందో ఐదో రోజూ అంతే. పగిలిన నేల మీద ఒక బంతి లేచి ఒక బంతి పాకకపోతే ఫాస్ట్ బౌలర్‌కి ఐదో రోజు పనేముంది?

జగదాంబ హిట్టర్
శనివారం సాయంత్రం 6:02

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఐదు రోజుల టెస్ట్ పూర్తిగా ఆడేవాళ్లు ఎంతమంది ఉంటారు? కంపెనీకి ఉన్న మనుషులతో ముందు ఫీల్డింగ్ బాగుచేస్తే అందరికీ మేలు. టెస్ట్ తర్వాత చూసుకోవచ్చు.

ఎంవీపీ పాత పెవిలియన్
శనివారం సాయంత్రం 6:25

తమ్ముడూ, నేను ఒక టెస్ట్‌ని నెల రోజులు ఆడతాను. రోజుకి ఒక సెషన్, సేవ్ చేసి పడుకుంటాను. ఆడేవాళ్లు తక్కువని పక్కన పెడితే, పక్కన పెట్టారని ఆడేవాళ్లు ఇంకా తగ్గుతారు. ఫీల్డింగ్ ముందు బాగుచేయాలన్న మాట మాత్రం నిజమే, టెస్ట్‌లో స్లిప్ లేకపోతే నాకు మొదటి గంటే లేదు.

జగదాంబ హిట్టర్
శనివారం సాయంత్రం 6:31

అది సరే అన్నా. ఈ రాత్రి నేనూ పది ఓవర్లు వేస్తాను.

పీఎం పాలెం గ్యాలరీ
శనివారం రాత్రి 8:50

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన వైజాగ్ స్టేడియం ఈ ఆటలో లేదు కదా, నేను స్టేడియం తయారుచేసే విభాగంలో మూడు వారాలు కూర్చుని కట్టాను. స్టాండ్‌ల ఎత్తు, వెనక కొండలు, సాయంత్రం వెలుగు వచ్చే దిక్కు, అన్నీ నేను వెళ్లి చూసి పెట్టినవే. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు మా నాన్న భుజాల మీద కూర్చుని చూసిన గ్రౌండ్ అది. అందుకే అంత పట్టుపట్టి కట్టాను.

అప్‌డేట్ తర్వాత రాత్రి మ్యాచ్ పెడితే ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నాయి కానీ పిచ్ చీకటిగా ఉంది. తెల్లబంతి కూడా కనిపించడం లేదు. లైట్ స్తంభాలన్నీ తీసేసి మళ్లీ నిలబెడితే సరిపోయింది. మీలో ఎవరైనా నా స్టేడియం దించుకుని ఉంటే కొత్తది పెట్టాను, అది తీసుకోండి.

మంచు కూడా పెడితే బాగుండేది. మన ఊళ్లో రాత్రి మ్యాచ్ అంటే రెండో ఇన్నింగ్స్‌లో బౌలర్ చేతిలో తువ్వాలు ఉండాల్సిందే. తడి బంతి స్పిన్నర్ వేళ్లలో నిలవదు. టాస్ గెలిచినవాడు ఏం ఎంచుకోవాలన్నది దాని మీదే ఉంటుంది. ఆటలో టాస్‌కి ఇప్పుడు విలువే లేదు.

ఉక్కునగరం బి షిఫ్ట్
శనివారం రాత్రి 11:05

టెస్టర్ బాబూ, డ్యూటీ నుంచి వచ్చి చూశాను. స్లైడర్లు అన్నీ సగంలో ఉన్నాయి. ఏడాది క్రితం మా అమ్మాయి బంతి వేగం బాగా కిందికి దించింది, టైమింగ్ సాయం పైకి పెట్టింది. అవి మేము మార్చలేదు.

రుషికొండ టెస్టర్
శనివారం రాత్రి 11:18

అదే అనుకున్నాను. అప్‌డేట్ మీ స్లైడర్లని మొదటికి తెచ్చేసింది. మీ చేతులు నెమ్మదించలేదు, బంతి వేగం పెరిగింది. మళ్లీ పాతచోటికి మార్చి సేవ్ చేయండి, ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. వచ్చే అప్‌డేట్‌కి పనికొస్తుంది.

ఇలా సెట్టింగ్స్ చెరిపేటప్పుడు తెర మీద ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. మీరు రెండు రోజులు మీ వయసుని తిట్టుకున్నారు. ఇది నాకు స్లిప్ తప్పు కన్నా పెద్దదిగా అనిపిస్తోంది. నా రిపోర్టులో ఇదే మొదట రాస్తాను.

భీమిలి లెఫ్టార్మ్
ఆదివారం ఉదయం 12:40

నా లెక్క. కుడిచేతి బ్యాటర్: స్లిప్ వైపు 9 ఎడ్జ్‌లు, 8కి ఫీల్డర్ కదిలాడు. ఎడమచేతి బ్యాటర్: 11 వెళ్లాయి, ఒక్కదానికి కదిలాడు. ఫీల్డింగ్ నేను చాన్నాళ్ల కిందట సేవ్ చేసుకున్నది.

జగదాంబ హిట్టర్
ఆదివారం ఉదయం 12:52

నాది ఆట ఇచ్చిన ఫీల్డింగ్. కుడికి 7లో 7. ఎడమకి 6లో 6. అంతా బాగానే ఉంది! రెండు క్యాచ్‌లు జారిపోయాయి కానీ చేతులు లేచాయి.

సీతమ్మధార సెకండ్ స్లిప్
ఆదివారం ఉదయం 1:10

నాది సేవ్ చేసిన పాత ఫీల్డింగ్. కుడికి 10లో 7, ఎడమకి 8లో సున్నా. ఎడమచేతి బ్యాటర్ వచ్చినప్పుడు రీప్లే ఆపి పైనుంచి చూశాను. స్లిప్‌లు అటు వైపుకి మారుతున్నారు, కానీ ముఖం మాత్రం పాత వైపే ఉంది. వాళ్ల భుజం బ్యాటర్ వైపు ఉంది. చూడని బంతిని ఎవరు పడతారు?

గాజువాక ఓపెనర్
ఆదివారం ఉదయం 1:25

నావి కూడా పాతవే. నా కెరీర్‌లో మా జట్టు మీద ఆడేవాళ్లలో ఎడమచేతి ఓపెనర్లు ఇద్దరు ఉన్నారు, అందుకే నాకు అన్ని పోయాయన్నమాట. పాత ఫీల్డింగ్ చెరిపేసి, అదే ఫీల్డింగ్ మళ్లీ కొత్తగా పెట్టి సేవ్ చేశాను. ఎడమచేతి బ్యాటర్‌కి 5 ఎడ్జ్‌లు, ఐదింటికీ కదిలారు. నాలుగు పట్టారు. ఐదోది గల్లీ వైపు ఎగిరి ఒంటి చేత్తో తాకాడు, ఆగలేదు. ఆ ఒక్కటి చూడ్డానికే మళ్లీ మళ్లీ రీప్లే వేశాను.

రుషికొండ టెస్టర్
ఆదివారం ఉదయం 9:30

అందరికీ ధన్యవాదాలు, ఇంత శుభ్రంగా దొరుకుతుందని అనుకోలేదు. నాకు అర్థమైనంతవరకు అప్‌డేట్‌లో ఫీల్డర్లు నిలబడే తీరు మార్చారు. మనం సేవ్ చేసుకున్న ఫైళ్లలో పాత తీరే ఉండిపోయింది. కుడిచేతి బ్యాటర్‌కి కొంత నెట్టుకొస్తోంది, ఎడమచేతికి అద్దంలోలా తిప్పేటప్పుడు తప్పుతోంది. అందుకని ఈ విభాగం చదివే అందరూ పాత ఫీల్డింగ్‌లు చెరిపేసి కొత్తగా పెట్టుకోండి.

కొత్తది పెట్టినా కీపర్ స్టంప్స్ దగ్గరికి వచ్చినప్పుడు ఒక తప్పు మిగిలింది. స్పిన్నర్‌కి ఎడ్జ్ వస్తే బంతి కీపర్ గ్లోవ్స్ గుండా దూరి పోతోంది. నాకు మూడుసార్లు అలా జరిగింది, మూడూ వీడియో తీశాను. ఇది కంపెనీ వాళ్లే బాగుచేయాలి, మన చేతిలో లేదు. డీప్‌లో వంగి లేవడం ఆలస్యం కావడం, కీపర్ ఎండ్‌కే విసరడం కూడా అంతే. జగదాంబ గారూ, నాన్‌స్ట్రయికర్ సగంలో ఉన్న వీడియో ఒకటి పంపగలరా? మాటల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఎంవీపీ పాత పెవిలియన్
ఆదివారం ఉదయం 10:05

నేను ఐదో రోజు పిచ్ మీద ఒకే బౌలర్, ఒకే చోట, ఒకే వేగంతో ముప్పై బంతులు వేశాను. మొదటి రోజు పిచ్ మీద కూడా ముప్పై వేశాను. బంతి స్టంప్స్ దాటే ఎత్తు రీప్లేలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. రెండు వీడియోలూ పంపుతున్నాను. అభిప్రాయంలా రాస్తే వృద్ధుడి గొణుగుడు అనుకుంటారేమోనని ఇలా చేశాను. అవి కూడా రిపోర్టులో పెట్టు బాబూ.

రుషికొండ టెస్టర్
ఆదివారం ఉదయం 10:12

తప్పకుండా పెడతాను అన్నా. ఇది చాలా బలమైన రుజువు.

జగదాంబ హిట్టర్
ఆదివారం మధ్యాహ్నం 1:15

వీడియో పంపాను. ఒకటి కాదు, నాలుగు. తెలుగు కామెంటరీ కూడా అడగండి. టీవీలో మ్యాచ్‌లు తెలుగులో వింటున్నాం, మా తమ్ముడు ఆటలో ఇంగ్లిష్ గొంతు ఆపేసి తనే చెప్తూ ఆడతాడు.

ఉక్కునగరం బి షిఫ్ట్
ఆదివారం రాత్రి 9:40

ఇవాళ సెలవు. స్లైడర్లు పాతచోటికి మార్చాం. ఆస్ట్రేలియా మీద ఆడాం. అక్టోబర్ 2025లో మన వైజాగ్‌లో మన అమ్మాయిలు 330 కొట్టినా ఆస్ట్రేలియా ఛేదించేసింది కదా, ఆ రోజు మా అమ్మాయి అన్నం తినలేదు. అందుకని తను ఎప్పుడూ ఆస్ట్రేలియానే ఎంచుకుంటుంది.

నేను 31 కొట్టాను. బంతి కనిపించింది.

ఒక చిక్కు ఉంది, అది కూడా రిపోర్టులో రాయండి. ఇద్దరం ఒకే జట్టులో ఆడితే స్లైడర్ ఇద్దరికీ ఒకటే. నాకు సరిపోయే వేగం తనకి మరీ తక్కువ. తను ఎదురుచూసి ఎదురుచూసి ముందే బ్యాట్ ఊపేస్తోంది, నా కోసం ఓర్చుకుని ఆడుతోంది. ఎవరి కంట్రోలర్‌కి వాళ్ల వేగం పెట్టుకోగలిగితే పిల్లలు పెద్దవాళ్లతో సంతోషంగా ఆడతారు. 2017లో వచ్చిన యాషెస్ క్రికెట్‌లోనే మహిళల జట్లు పెట్టారు, అప్పటి నుంచి ఇంట్లో ఆడపిల్లలు కూడా ఈ ఆటల దగ్గరికి వచ్చారు. నాన్నలకి కూడా కాస్త చోటు ఇమ్మని రాయండి.

రుషికొండ టెస్టర్
ఆదివారం రాత్రి 10:55

రాశాను సార్. మీ మాట ఉన్నదున్నట్టు పెట్టాను. మొత్తం ఆరు అంశాలు, పదకొండు వీడియోలు. ఇప్పుడే పంపించాను, అందిందని నంబర్ వచ్చింది. జవాబు వచ్చిన రోజు ఇక్కడే పెడతాను. తర్వాతి అప్‌డేట్ వేసుకునేముందు అందరూ స్లైడర్లు, ఫీల్డింగ్ తెరలు ఫొటోలు తీసి ఉంచుకోండి.